ప్లాంటర్, స్ప్రేయర్ ఆన్-ఆఫ్ టైమింగ్ సరిచేసుకోవడం: ముందు టేపు, ఆ తర్వాతే సెకన్లు

మొక్కజొన్న మొలిచాక పొలం చివర నిలబడి చూస్తే అంతా బయటపడుతుంది. సాలు మొదలయ్యే చోట రెండడుగుల ఖాళీ, లేదంటే సాలు ముగిసే చోట, పొలం అంచున ముందే అడ్డంగా వేసిన సాళ్ల మీదకి ఎక్కిన రెట్టింపు మొక్కలు. విత్తేటప్పుడు మానిటర్‌లో మ్యాప్ చూస్తే ఎక్కడా చిన్న తేడా కూడా కనిపించి ఉండదు, ఎందుకంటే మ్యాప్ గీసేది కంప్యూటర్ అనుకున్నది, గింజ నిజంగా ఎక్కడ పడిందో దానికి తెలియదు. ఆ రెండింటినీ కలపడమే ఈ పని. అమెరికా మిడ్‌వెస్ట్‌లో, కెనడాలో, ఆస్ట్రేలియాలో పెద్ద యంత్రాల మీద పనిచేసే మనవాళ్లకి ఇది నేరుగా పనికొస్తుంది. ఊళ్లో డ్రోన్‌తోనో ట్రాక్టర్ బూమ్‌తోనో (నాజిళ్లు వరసగా బిగించిన పొడవాటి చెయ్యి) మందు కొట్టేవాళ్లకి కూడా లెక్క ఇదే, దాని గురించి చివర్లో చెప్తాను.

సెక్షన్ కంట్రోల్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. ముందు పొలం అంచుల వెంట, ట్రాక్టర్ తిరిగే చోట, అడ్డంగా విత్తుతారు, దాన్నే హెడ్‌ల్యాండ్ అంటారు. తర్వాత లోపలి సాళ్లు నిలువుగా వేసేటప్పుడు, ప్లాంటర్, అంటే విత్తే యంత్రం, హెడ్‌ల్యాండ్ దాటగానే సాళ్లు వాటంతట అవే ఆన్ అవ్వాలి, అవతలి హెడ్‌ల్యాండ్ తగలగానే ఆఫ్ అవ్వాలి. జీపీఎస్ చూసి ఈ నిర్ణయం తీసుకునేది సెక్షన్ కంట్రోల్. జాన్ డీర్‌లో పేరు అదే, ట్రింబుల్‌లో ఫీల్డ్-ఐక్యూ, ఏజీ లీడర్‌లో ఆటోస్వాత్, రావెన్‌లో అక్యూబూమ్. పేర్లు వేరు, మెనూలు వేరు, లోపల జరిగే పని ఒకటే.

ఆన్ అవ్వమని కంప్యూటర్ చెప్పిన క్షణానికీ గింజ మట్టిని తాకే క్షణానికీ మధ్య కొంత సమయం పోతుంది. సందేశం వెళ్లాలి, సాలుని ఆన్-ఆఫ్ చేసే క్లచ్ పట్టాలి లేదా మోటార్ తిరగాలి, గింజల్ని ఒక్కొక్కటిగా వదిలే మీటర్ ప్లేట్ మొదటి గింజని వదలాలి, ఆ గింజ గొట్టంలోంచి కిందకి పడాలి. పడడం ఒక్కటే చూసుకున్నా, 20 అంగుళాల ఎత్తు నుంచి ఏదైనా వదిలితే నేల తాకడానికి సుమారు 0.3 సెకను పడుతుంది. గంటకి 5 మైళ్ల వేగంలో ట్రాక్టర్ సెకనుకి 7.3 అడుగులు వెళ్తుంది కాబట్టి ఆ 0.3 సెకనులోనే రెండడుగుల పైన ముందుకు జరిగిపోతాం. అందుకే కంప్యూటర్‌కి "హెడ్‌ల్యాండ్ అంచు గీత ఇంకా ఇన్ని సెకన్ల దూరంలో ఉండగానే మొదలుపెట్టు" అని ముందే చెప్పాలి. అదే ఆన్ టైమ్. ఆపడానికి ఇంకో సంఖ్య, ఆఫ్ టైమ్. ఈ రెండూ సమానంగా ఉండాలన్న రూలేమీ లేదు, చాలా యంత్రాల్లో ఉండవు కూడా.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. సాలు మొదట్లో ఖాళీ కనిపించగానే ఆన్ టైమ్ పెంచేస్తారు, సరిపోయినట్టే ఉంటుంది. మర్నాడు నేల తడిగా ఉందని నెమ్మదిగా నడిపితే మళ్లీ తేడా వస్తుంది, ఇంకో సంఖ్య మారుస్తారు, ఇలా సీజన్ అంతా నడుస్తుంది. తేడాకి కారణాలు రెండు రకాలు. ఒకటి సమయం తప్పు, ఇది వేగంతో పాటు పెరుగుతుంది. రెండోది దూరం తప్పు, అంటే జీపీఎస్ యాంటెన్నా నుంచి గింజ పడే చోటు దాకా మీరు కంప్యూటర్‌కి ఇచ్చిన కొలత తప్పు. ఇది వేగం ఎంతైనా అంతే ఉంటుంది. దూరం తప్పుని సెకన్లతో సరిచేస్తే ఒక్క వేగంలోనే సరిపోతుంది.

కాబట్టి మొదటి పని టేపు పట్టుకోవడం. ట్రాక్టర్‌నీ ప్లాంటర్‌నీ చదునైన చోట, నేరుగా, ప్లాంటర్ దించి, అంటే పనిచేసే స్థితిలోనే ఆపండి. పైకి లేపి కొలిస్తే కొలత మారుతుంది. యాంటెన్నా మధ్య నుంచి డ్రాబార్ పిన్ (ట్రాక్టర్‌కి ప్లాంటర్‌ని తగిలించే పిన్) దాకా ఎంత, పిన్ నుంచి గింజ నేలలో పడే చోటు దాకా ఎంత, ఈ రెండూ కావాలి. యాంటెన్నా క్యాబ్ పైన ఉంటుంది కాబట్టి గుండు దారం వేలాడదీసి నేల మీద గుర్తు పెట్టుకుని, ఆ గుర్తు నుంచి కొలవండి, క్యాబ్ పక్కన నిలబడి కంటి అంచనాతో వద్దు. కొన్ని మానిటర్లు పిన్ నుంచి కాకుండా వెనక ఇరుసు నుంచి అడుగుతాయి, స్క్రీన్ మీద బొమ్మ చూసి ఏది నుంచి ఏది దాకానో సరిచూసుకోండి. స్ప్రేయర్‌కైతే నాజిల్ వరస దాకా కొలవాలి, బూమ్ ఫ్రేమ్ దాకా కాదు. స్ప్రేయర్ బూమ్ ముందుంటే అది "ముందు" అని చెప్పడం మర్చిపోతే ఎలాంటి తేడా వస్తుందో ఊహించుకోవచ్చు.

పక్కకి ఉండే ఆఫ్‌సెట్, అంటే ప్లాంటర్ మధ్య గీత యాంటెన్నాకి ఎంత పక్కన ఉందో, అది కూడా సరిచూడండి, కానీ అది ఈ పరీక్షలో పెద్దగా బయటపడదు. జీపీఎస్ సిగ్నల్ సంగతి మాత్రం పట్టించుకోవాలి. ఆర్‌టీకే (నేల మీది బేస్ స్టేషన్‌తో జీపీఎస్‌ని సరిచేసే పద్ధతి) ఉంటే అంగుళం అటూ ఇటూ తేడాతో నమ్మొచ్చు. శాటిలైట్ నుంచి వచ్చే ఉచిత డబ్ల్యూఏఏఎస్ సవరణ సిగ్నల్ మీద నడుస్తుంటే గంటల తేడాలో స్థానం నెమ్మదిగా జరుగుతుంది, నిన్న వేసిన హెడ్‌ల్యాండ్‌కి ఈరోజు పరీక్ష చేస్తే మీరు కొలిచేది టైమింగ్‌ని కాదు, సిగ్నల్ జరుగుబాటుని. హెడ్‌ల్యాండ్ వేసిన వెంటనే పరీక్ష చేసేయండి. వాలు నేల కూడా వద్దు. పది అడుగుల ఎత్తున ఉన్న యాంటెన్నా 5 డిగ్రీలు వాలితే నేల మీద 10 అంగుళాలు పక్కకి పోతుంది, ట్రాక్టర్ వాలుని లెక్కేసి సరిచేసే టెరైన్ కాంపెన్సేషన్ సరిగా లేకపోతే ఆ 10 అంగుళాలూ మీ లెక్కలోకి వచ్చి కూర్చుంటాయి.

ఇంకో చిన్న సెట్టింగ్ ఓవర్‌లాప్ శాతం. ఒక సెక్షన్‌లో, అంటే కలిసి ఆన్-ఆఫ్ అయ్యే సాళ్ల గుంపులో, ఎంత భాగం ఇప్పటికే విత్తిన చోటికి వస్తే ఆపాలి అన్నది అది. హెడ్‌ల్యాండ్‌కి సరిగ్గా లంబంగా వెళ్తే దీని ప్రభావం ఉండదు, అందుకే పరీక్ష ఎప్పుడూ లంబంగానే చేయాలి. సాళ్లకి లంబంగా కాకుండా ఐమూలగా ఉండే అంచుల్లో నాలుగు సాళ్లకి ఒకే క్లచ్ ఉన్న ప్లాంటర్ పదడుగుల వెడల్పు త్రికోణం వదులుతుంది, లేదా రెట్టింపు వేస్తుంది, దాన్ని ఏ టైమింగూ పోగొట్టలేదు. సాలుకొక క్లచ్ పెట్టుకోవడమే దానికి మందు.

ఇప్పుడు ప్లాంటర్ పరీక్ష. హెడ్‌ల్యాండ్ వేశాక, దాని లోపలి వైపు చివరి సాలు నుంచి సగం సాలు వెడల్పు లోపలికి ఒక తాడు కట్టండి. 30 అంగుళాల సాళ్లైతే 15 అంగుళాలు. ఇది ఎందుకంటే కంప్యూటర్ మ్యాప్‌లో విత్తిన ప్రాంతం చివరి సాలు దగ్గర ఆగదు, దాని అవతల సగం సాలు దాకా రంగు వేసుకుంటుంది. చాలామంది చివరి సాలు నుంచే కొలిచి అడుగు పైన ఖాళీ ఉందని కంగారుపడతారు, అది ఉండాల్సిందే.

గింజ పడ్డాక గాడిని మూసే క్లోజింగ్ వీల్స్ పనిచేయకుండా పైకి కట్టేస్తే గింజలు తెరిచిన గాడిలోనే కనిపిస్తాయి, తవ్వే శ్రమ తగ్గుతుంది. గాలి పీల్చి గింజల్ని ప్లేట్‌కి పట్టుకునే వాక్యూమ్ మీటర్ అయితే ఫ్యాన్ ఆన్ చేసిన తర్వాత మొదటి పాస్‌ని, అంటే మొదటిసారి విత్తుతూ నడిపినదాన్ని, లెక్కలోకి తీసుకోకండి. ప్లేట్ రంధ్రాలకి గింజలు పట్టి ఉండవు, మొదటి గింజ ఆలస్యంగా పడుతుంది. ఒక పాస్ వేసి, ప్లేట్లు నిండాక మొదలుపెట్టండి.

తర్వాత గంటకి 3 మైళ్ల వేగంలో ఒకసారి, 6 మైళ్ల వేగంలో ఒకసారి హెడ్‌ల్యాండ్ దాటి లోపలికి వెళ్లండి. వేగం రెట్టింపు ఉండేలా ఎంచుకోవడంలో సుఖం ఉంది, లెక్క నోటితో అయిపోతుంది. గీతకి వంద అడుగుల ముందు నుంచే వేగం స్థిరంగా ఉండాలి, ప్లాంటర్ దిగి ఉండాలి. ఇది ముఖ్యం, ఎందుకంటే కంప్యూటర్ ఇప్పుడున్న వేగమే కొనసాగుతుందని అనుకుని దూరం లెక్కేస్తుంది. మలుపు తిరిగి బయటికి వస్తూ వేగం అందుకుంటూ గీత దాటితే, దాని లెక్క తప్పుతుంది. నిజమైన పనిలో కూడా ఇదే జరుగుతుంది, అందుకే టైమింగ్ ఎంత బాగా పెట్టినా మలుపులో ప్లాంటర్ ఆలస్యంగా దించే డ్రైవర్ సాళ్లు ఎప్పుడూ ఎగుడుదిగుడుగానే మొదలవుతాయి.

ఎకరానికి 33,000 గింజలు, 30 అంగుళాల సాళ్లు అంటే గింజకీ గింజకీ మధ్య 6 అంగుళాల పైచిలుకు. అంటే ఒక్క సాలులో మొదటి గింజ దాదాపు 6 అంగుళాల దాకా అటూ ఇటూ పడడం సహజం, తప్పు కాదు. ఒక సాలు చూసి నిర్ణయం తీసుకోవద్దు. ఆరేడు సాళ్లలో మొదటి గింజ తాడు నుంచి ఎంత దూరంలో ఉందో కొలిచి సగటు తీయండి. వీలైతే ఎదురు దిశలో కూడా ఇదే చేయండి, సిగ్నల్ జరిగి ఉంటే రెండు దిశల్లో తేడా ఒకదానికొకటి వ్యతిరేకంగా వస్తుంది, వెంటనే పట్టుబడుతుంది.

ఒక లెక్క వేసి చూపిస్తాను. 3 మైళ్ల వేగంలో తాడు దాటాక సగటున 14 అంగుళాల ఖాళీ వచ్చింది. 6 మైళ్ల వేగంలో 24 అంగుళాలు. వేగం రెట్టింపైతే తేడా 10 అంగుళాలు పెరిగింది. అంటే 3 మైళ్ల దగ్గర సమయం వల్ల వచ్చిన తప్పు 10 అంగుళాలు. 14లోంచి ఆ 10 తీసేస్తే మిగిలిన 4 అంగుళాలు వేగంతో సంబంధం లేనివి, అవి టేపు తప్పు. ఇక సెకన్లు: 3 మైళ్ల వేగం అంటే సెకనుకి సుమారు 53 అంగుళాలు, 10ని 53తో భాగిస్తే 0.19. అంటే ఆన్ టైమ్‌ని 0.2 సెకను పెంచాలి.

ఇప్పుడు అవతలి చివర, ఆగే చోట కూడా చూడండి. 3 మైళ్ల దగ్గర 9 అంగుళాలు హెడ్‌ల్యాండ్ మీదకి వెళ్లింది, 6 మైళ్ల దగ్గర 14 వెళ్లింది అనుకుందాం. పెరిగింది 5, అంటే ఆఫ్ టైమ్ 0.1 సెకను పెంచాలి. మిగిలింది 9లోంచి 5 తీసేస్తే మళ్లీ 4 అంగుళాలు. మొదట్లో 4 అంగుళాల ఖాళీ, చివర్లో 4 అంగుళాల ఓవర్‌లాప్, రెండూ సమానం. సాలు మొత్తం వెళ్లే దిశలో 4 అంగుళాలు ముందుకి జరిగిందన్నమాట. ఇలా జత కుదిరితే కొలత తప్పేనని నమ్మకంగా చెప్పొచ్చు. గింజ పడే చోటు కంప్యూటర్ అనుకున్నంత వెనక లేదు, కాబట్టి పిన్ నుంచి సాలు దాకా ఇచ్చిన దూరాన్ని 4 అంగుళాలు తగ్గించాలి. అదే సాలు మొదట్లో ఓవర్‌లాప్, చివర్లో అంతే ఖాళీ మిగిలితే ఉల్టా, దూరం పెంచాలి. రెండు చివరలా మిగిలినవి జత కుదరకపోతే దూరాన్ని ముట్టుకోకండి, ముందు టేపుతో ఇంకోసారి కొలవండి.

ఒకే వేగంలో పరీక్ష చేస్తే ఏమయ్యేదో చూడండి. 14 అంగుళాల ఖాళీ, 53తో భాగిస్తే 0.26 సెకను. ఆ సంఖ్య పెట్టుకుని 6 మైళ్ల వేగంలో నడిపితే గీతకి 4 అంగుళాల ముందే గింజ పడడం మొదలవుతుంది. ఇక్కడ తేడా చిన్నదే, కానీ టేపు తప్పు అడుగున్నరుంటే ఇదే లెక్క ఎంత దూరం పోతుందో చూసుకోండి.

సాలు మొదట్లో ఖాళీ ఉంటే ఆన్ టైమ్ పెంచాలి, ఓవర్‌లాప్ ఉంటే తగ్గించాలి. చివర్లో ఓవర్‌లాప్ ఉంటే ఆఫ్ టైమ్ పెంచాలి, ఖాళీ ఉంటే తగ్గించాలి. ఇది గుర్తుంటే చాలు. మార్చాక ఇంకోసారి నడిపి చూడండి, తేడా తగ్గాల్సింది పోయి పెరిగితే ఎటో గుర్తు తిరగబడిందని అర్థం, పాత సంఖ్యకి వెనక్కి వెళ్లండి. అందుకే మార్చే ముందు పాత సంఖ్యల్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

బెల్ట్‌తో గింజని కిందకి దించే కొత్త రకం ప్లాంటర్లలో, ఎగ్జాక్ట్ఎమర్జ్, స్పీడ్‌ట్యూబ్ లాంటివాటిలో, బెల్ట్ వేగం ట్రాక్టర్ వేగంతో పాటు మారుతుంది. వేగం పెరిగితే గింజ కిందకి వచ్చే సమయం తగ్గుతుంది. అందువల్ల ఈ రెండు వేగాల పరీక్షలో బెల్ట్ వల్ల వచ్చే ఆలస్యం దూరంలా కనిపించి మోసం చేయొచ్చు. వాటితో టేపు కొలతని గట్టిగా నమ్మి, సెకన్లని మాత్రం మీరు నిజంగా విత్తే వేగంలోనే సరిచేసుకోండి. ఇక కెనడా ప్రెయిరీల్లో వాడే ఎయిర్ సీడర్లలో గింజ ట్యాంకు నుంచి గొట్టాల గుండా గాలితో ప్రయాణించి రావాలి, కాబట్టి ఆలస్యం సెకనులో భాగం కాదు, కొన్ని సెకన్లు. అక్కడ 0.1 సెకను కోసం బుర్ర పాడు చేసుకోవద్దు.

దీనివల్ల ఎంత మిగులుతుంది అని అడిగేవాళ్ల కోసం. 160 ఎకరాల చదరపు పొలం, ప్రతి వైపు అర మైలు, 16 సాళ్ల ప్లాంటర్, వెడల్పు 40 అడుగులు. సుమారు 66 పాస్‌లు, 132 చివరలు. ప్రతి చివర రెండడుగుల ఓవర్‌లాప్ అంటే మొత్తం పావు ఎకరం దగ్గరికి వస్తుంది, 8,000 గింజలు, 80,000 గింజల బ్యాగులో పదో వంతు. నిజం చెప్పాలంటే చదరపు పొలంలో ఇది పెద్ద డబ్బేమీ కాదు. వంకర అంచులు, మధ్యలో వాగులు, చెట్లు ఉన్న పొలంలో చివరలు ఎన్నో రెట్లు పెరుగుతాయి, అప్పుడు తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం కలుపుమందు, ఎందుకంటే అక్కడ రెట్టింపు డోస్ అంటే డబ్బు పోవడమే కాదు, పంట కూడా మాడొచ్చు.

స్ప్రేయర్‌లో వేగం ఎక్కువ కాబట్టి టైమింగ్ మరీ ముఖ్యం. గంటకి 15 మైళ్లు అంటే సెకనుకి 22 అడుగులు, 0.3 సెకను తప్పితే ఆరడుగుల పైన పోయినట్టే. ట్యాంకు కడిగి, వట్టి నీళ్లతోనే చేయండి, మందు కలిపిన నీళ్లతో ఎప్పుడూ వద్దు. ముందు ఆగి ఉన్న చోటే ఒక పరీక్ష: స్విచ్‌నీ నాజిల్‌నీ ఒకే ఫ్రేమ్‌లో పెట్టి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి, స్విచ్ నొక్కిన క్షణం నుంచి నాజిల్ ఫ్యాన్ (నాజిల్‌లోంచి విసనకర్రలా పరుచుకునే నీళ్ల ధార) పూర్తిగా విచ్చుకునే దాకా ఎంత పట్టిందో చూడండి. మొదటి చుక్క పడడం కాదు, ఫ్యాన్ పూర్తి ఆకారానికి రావడం లెక్క. ఆపినప్పుడు కూడా ఫ్యాన్ కూలిపోయే క్షణం చూడాలి. ఆ రెండు సంఖ్యలే మీ మొదటి అంచనా. మోటార్‌తో తిరిగే బాల్ వాల్వ్ సెక్షన్లలో ఇది ఎక్కువ, నాజిల్‌కొక సోలనాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వ్) ఉండి అది సెకనుకి చాలాసార్లు తెరుచుకుని మూసుకునే పీడబ్ల్యూఎం సిస్టమ్‌లలో చాలా తక్కువ.

ఆపాక కూడా నాజిళ్లు కాసేపు కారుతుంటే టైమింగ్ జోలికి పోవద్దు. బూమ్ చివరల్లో గాలి చిక్కుకుని ఉంటుంది, ఒత్తిడికి నొక్కుకుపోయిన ఆ గాలి వాల్వ్ మూశాక వ్యాకోచించి నీటిని బయటికి తోస్తుంది. చివరి క్యాప్‌లు తీసి గాలి పోగొట్టండి, డ్రిప్ ఆపే డయాఫ్రమ్‌లు అరిగాయేమో చూడండి. ఆ తర్వాత పొడి మట్టి రోడ్డు మీదో కాంక్రీట్ మీదో అడ్డంగా గీత గీసి, మానిటర్‌లో అదే చోట అంచు వచ్చేలా చేసి, రెండు వేగాల్లో దాటండి. తడి మరక ఆరిపోయేలోపు కొలవాలి, కాబట్టి ఇంకో మనిషి ఉంటే మేలు. పొలంలోనే చేయాల్సి వస్తే నీళ్లు తగిలితే నీలంగా మారే పసుపు కాగితాలు గీతకి అటూ ఇటూ అడుగుకొకటి పెట్టండి. లెక్క ప్లాంటర్‌దే.

మన దగ్గర డ్రోన్‌తో కొట్టేవాళ్లకి: సెకనుకి 5 మీటర్ల వేగంలో అర సెకను ఆలస్యం అంటే రెండున్నర మీటర్లు, అంటే గట్టు దాటి పక్కవాడి మడిలోకి. ఇదే పసుపు కాగితాలు మడి అంచున పరిచి, నీళ్లతో, గాలి లేని పొద్దున పూట రెండు వేగాల్లో ఎగరేసి చూడండి. చినుకు కిందకి దిగడానికి పట్టే సమయం కూడా ఆలస్యంలో భాగమే కాబట్టి ఎగిరే ఎత్తు మారిస్తే మళ్లీ చూడాలి. జీపీఎస్ లేని ట్రాక్టర్ బూమ్‌కైతే కంప్యూటర్ పని డ్రైవర్‌ది. గంటకి 4 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి 1.1 మీటరు. లివర్ వేశాక ఫ్యాన్ విచ్చుకోవడానికి సెకను పడుతుందని వీడియోలో తేలితే, మందు మొదలవ్వాల్సిన చోటికి 1.1 మీటరు ముందు ఒక కర్ర పాతి, బూమ్ కర్ర దగ్గరికి రాగానే లివర్ వేయమని చెప్పండి.

నాజిల్ రకం, ఒత్తిడి, మీటర్ ప్లేట్, విత్తనం, టైర్లు, డ్రాబార్ పిన్ రంధ్రం, యాంటెన్నా, వీటిలో ఏది మారినా మళ్లీ పరీక్ష చేయాల్సిందే. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత సంఖ్యలు పాత డిఫాల్ట్‌లకి వెళ్లిపోయాయేమో ఒకసారి స్క్రీన్ తెరిచి చూడండి. సరైన సంఖ్యలు తేలాక, ఏ వేగంలో, ఏ నాజిల్‌తో, ఏ తేదీన తీసినవో కూడా రాసి క్యాబ్ లోపల ఎండ తగలని చోట అతికించండి. సీజన్ మధ్యలో డ్రైవర్ మారితే మొదట చూపించాల్సింది ఆ చీటీయే.